మార్కోని కథ: వందల కిలోవాట్లు గుప్పించిన మనిషే.. చివరకు ఒక్క కిలోవాట్‌తో సముద్రం దాటించాడు

తిర్యాణి, కెరమెరి గుట్టల వైపు కొన్ని గూడేల్లో ఫోన్ మాట్లాడాలంటే ఇప్పటికీ గుట్ట ఎక్కాల్సిందే. ఫలానా చెట్టు కింద సిగ్నల్ వస్తుందని తెలిస్తే ఊరంతా ఆ చెట్టు కిందే ఉంటుంది. టవర్ ఉంది కదా, దానికి ఇంకాస్త పవర్ పెంచితే అయిపోతుంది కదా అని అక్కడోళ్ల మాట. కరీంనగర్ లాంటి టౌన్‌లో సీన్ రివర్స్. ఇంటి పక్కన టవర్ వస్తుందంటే చాలు.. పవర్ ఎక్కువ ఉంటుంది, పెట్టొద్దు అని కాలనీ వాళ్లు అడ్డం పడతారు.

రెండు చోట్లా లొల్లి ఒక్కదాని చుట్టే. యాంటెన్నాకు ఎంత పవర్ ఇవ్వొచ్చు? ఎంత ఇస్తే ఎంత దూరం పోతుంది? ఈ లెక్క తేల్చడానికి ఒక మనిషి జీవితమంతా పెట్టాడు. ఎక్కువ పవర్, పెద్ద యాంటెన్నా ఉంటేనే దూరం అని దాదాపు పాతికేళ్లు నమ్మాడు. టవర్లు కూలాయి, కంపెనీ డబ్బులు నీళ్లలా ఖర్చయ్యాయి. చివరకు 49 ఏళ్ల వయసులో తన నమ్మకాన్ని తానే తిరగరాశాడు. ఆయన పేరు గూగ్లియెల్మో మార్కోని. రేడియోను కనిపెట్టింది ఎవరు అనే ఒక్క మార్కు ప్రశ్నకు జవాబుగా మనందరికీ తెలిసిన పేరే. ఆ ఒక్క మార్కు వెనక ఉన్న కథ మాత్రం చాలా పెద్దది.

సీటు రాలేదు.. అటకే ల్యాబ్ అయింది

మార్కోని 1874 ఏప్రిల్ 25న ఇటలీలోని బొలోన్యాలో పుట్టాడు. తండ్రి జూసెప్పే భూస్వామి. తల్లి ఆనీ జేమ్సన్‌ది ఐర్లాండ్. విస్కీ తయారీలో పేరుమోసిన జేమ్సన్ కుటుంబం ఆడపడుచు. అవును, ఇప్పుడు మన వైన్ షాపుల్లో కనిపించే ఆ జేమ్సనే. కొడుకు చదువు అంతంత మాత్రం. యూనివర్సిటీలో సీటు రాలేదు. కానీ ఇంటి దగ్గర్లోనే ఉండే ఫిజిక్స్ ప్రొఫెసర్ ఆగస్టో రిఘీ దగ్గరికి పంపి, ఆయన ల్యాబ్ చూసే వీలు కల్పించింది తల్లే.

1894 జనవరి 1న జర్మనీలో హైన్రిచ్ హెర్ట్జ్ చనిపోయాడు. వయసు 36 ఏళ్లే. కరెంటు నిప్పురవ్వ నుంచి కంటికి కనిపించని తరంగాలు పుడతాయని ప్రయోగం చేసి చూపించింది ఆయనే. హెర్ట్జ్ గురించి రిఘీ రాసిన వ్యాసం ఆ ఏడాది ఎండాకాలంలో మార్కోని కంటపడింది. ఈ తరంగాలతో తీగ లేకుండా టెలిగ్రాం పంపొచ్చు కదా అన్న ఆలోచన అక్కడ మొదలైంది. అప్పటికి మార్కోనికి 20 ఏళ్లు. ఇంటి పైభాగంలో పట్టు పురుగుల పెంపకానికి వాడిన గదుల్లో సామాన్లు సర్దుకున్నాడు.

మొదట్లో తరంగాలు గది దాటేవి కావు. 1895లో చేసిన ఒక చిన్న మార్పు మొత్తం కథను మార్చేసింది. పరికరం ఒక కొసను భూమిలో పాతాడు. రెండో కొసను కర్ర మీదికి ఎత్తి, చివర రేకు డబ్బా కట్టాడు. ఇవాళ మనం ఎర్త్ అంటున్నాం, యాంటెన్నా అంటున్నాం.. ఆ రెండూ అక్కడే ఉన్నాయి.

ఆయన లెక్కలు భలే ఉంటాయి. డబ్బాను 2 మీటర్ల కర్ర మీద పెడితే సిగ్నల్ 30 మీటర్లు పోయింది. 4 మీటర్ల కర్ర మీద పెడితే 100 మీటర్లు. 8 మీటర్ల మీద 400 మీటర్లు. డబ్బా సైజు 30 సెంటీమీటర్ల నుంచి మీటర్‌కు పెంచి అదే 8 మీటర్ల ఎత్తులో పెడితే ఏకంగా 2,400 మీటర్లు. గుట్ట అవతల ఉన్న అన్న అల్ఫోన్సో సిగ్నల్ అందగానే తుపాకీ పేల్చి చెప్పాడని అంటారు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆయన పవర్ పెంచలేదు. ఎత్తు పెంచాడు. ఎత్తు రెట్టింపు చేస్తే దూరం దాదాపు నాలుగింతలు అయింది. కెరమెరి గుట్టల్లో చెట్టెక్కి ఫోన్ మాట్లాడే పిల్లగాడు చేస్తున్నదీ అదే పని. మార్కోని మాత్రం తర్వాత చాలా ఏళ్లు ఈ పాఠాన్ని పక్కన పెట్టి పవర్ వెంట పరుగెత్తాడు.

లండన్‌కు.. పెట్టె పట్టుకుని

1896లో తల్లితో కలిసి లండన్ వెళ్లాడు. జూన్ 2న పేటెంట్‌కు దరఖాస్తు చేశాడు. బ్రిటిష్ పోస్టాఫీస్ చీఫ్ ఇంజినీర్ విలియం ప్రీస్ ఆయనకు అండగా నిలబడ్డాడు. 1897 మేలో బ్రిస్టల్ చానెల్ సముద్రం మీదుగా ఒక దీవి నుంచి ఒడ్డుకు ఐదారు కిలోమీటర్లు సిగ్నల్ పంపాడు. జులైలో సొంత కంపెనీ పెట్టాడు. 1899 మార్చి 27న ఇంగ్లాండ్ - ఫ్రాన్స్ మధ్య సముద్రం దాటించాడు. పాతికేళ్లు నిండకముందే ప్రపంచమంతా పేరు మోగిపోయింది.

మన దేశం ముచ్చట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. మార్కోని అటకలో కుస్తీ పడుతున్న రోజుల్లోనే, 1895లో కలకత్తాలో జగదీశ్ చంద్రబోస్ ఈ తరంగాలతో జనం ముందు ప్రయోగం చేసి చూపించాడు. 1899లో పాదరసంతో పనిచేసే సిగ్నల్ పట్టే పరికరం వివరాలు లండన్ రాయల్ సొసైటీకి ఇచ్చాడు. రెండేళ్ల తర్వాత మార్కోని అట్లాంటిక్ దాటిన సిగ్నల్‌ను విన్నది అలాంటి పాదరసం పరికరంతోనే. క్రెడిట్ మాత్రం బోస్‌కు దక్కలేదు. ఆ పరికరం మూలం బోస్ పనే అని 1998లో అమెరికా ఇంజినీర్ల సంఘం పత్రికలో వచ్చిన పరిశోధన వ్యాసం వివరంగా వాదించింది. వందేళ్లు పట్టింది మరి.

20 స్తంభాలు.. ఒక్క గాలివాన

అట్లాంటిక్ దాటాలి. 3,500 కిలోమీటర్లు. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి తరంగం తిన్నగా ఆకాశంలోకి పోతుందే తప్ప అవతలి ఒడ్డుకు వంగదని అప్పటి సైంటిస్టుల్లో చాలామంది లెక్క. మార్కోని వినలేదు. ఇంగ్లాండ్‌లో కార్న్‌వాల్ తీరంలో పోల్దూ అనే చోట స్టేషన్ మొదలుపెట్టాడు. ట్రాన్స్‌మిటర్ డిజైన్ బాధ్యత ప్రొఫెసర్ జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగ్‌ది. 25 కిలోవాట్ల జనరేటర్. అంతకుముందు ఇండక్షన్ కాయిల్‌తో టేబుల్ మీద చేసుకున్న పని ఒక్కసారిగా పవర్‌హౌస్ స్థాయికి వెళ్లింది.

ఆ పవర్‌ను మోసే యాంటెన్నా కూడా అలాగే ఉండాలి కదా. 200 అడుగుల ఎత్తున్న 20 స్తంభాలను గుండ్రంగా నిలబెట్టారు. వాటి నుంచి గరాటు ఆకారంలో వందల తీగలు వేలాడదీశారు. స్తంభాలను ఒకదానికొకటి పైన తీగలతో కట్టారు. ఒకటి పడితే మిగతావన్నీ పడతాయని ఇంజినీర్ వివ్యాన్ ముందే హెచ్చరించాడు. ఎవరూ పట్టించుకోలేదు. 1901 సెప్టెంబర్ 17న గాలివాన వచ్చింది. మొత్తం కూలిపోయింది. అమెరికా తీరంలో కేప్ కాడ్ దగ్గర అచ్చం అదే డిజైన్‌తో కట్టింది నవంబర్‌లో కూలింది.

కంపెనీ డబ్బు మట్టిపాలైంది. ఇంకొకరైతే అక్కడే ఆగేవాళ్లు. మార్కోని పోల్దూలో రెండే రెండు స్తంభాలు నిలబెట్టి, వాటి మధ్య విసనకర్రలా 54 తీగలు వేలాడదీసి పని కానిచ్చాడు. తాను ఇద్దరు సహాయకులను వెంటబెట్టుకుని కెనడా వైపు న్యూఫౌండ్‌లాండ్ వెళ్లాడు. అక్కడ టవర్ కట్టే టైం లేదు. గాలిపటానికి 500 అడుగుల తీగ కట్టి ఎగరేశారు. అదే యాంటెన్నా. 1901 డిసెంబర్ 12 మధ్యాహ్నం చెవికి టెలిఫోన్ రిసీవర్ పెట్టుకుని కూర్చున్నాడు. మూడు చుక్కలు వినిపించాయి. మోర్స్ కోడ్‌లో ఎస్ అక్షరం.

విన్నాడా, లేక ఉరుముల చిటపటను అలా అనుకున్నాడా అన్న చర్చ ఇప్పటికీ నడుస్తోంది. పట్టపగలు, ఆ పాత రిసీవర్‌తో సాధ్యమా అని ఇంజినీర్లు లెక్కలు వేస్తూనే ఉన్నారు. నా మట్టుకైతే అనుమానించే వాళ్ల లెక్కల్లోనే బలం ఎక్కువ కనిపిస్తుంది. కానీ రెండు నెలల తర్వాత ఫిలడెల్ఫియా అనే ఓడ మీద జరిగిన పరీక్షలో అనుమానానికి తావు లేకుండా పేపర్ టేపు మీద రికార్డు చేశాడు. రాత్రిపూట 2,099 మైళ్ల దూరం నుంచి సిగ్నల్ పట్టింది. పగలు మాత్రం 700 మైళ్లకే చచ్చిపోయింది.

పగలు ఎందుకు రాలేదు? ఇక్కడ మార్కోని చేసిన ఊహ ఆసక్తిగా ఉంటుంది. సూర్యుడి వెలుతురు పడి యాంటెన్నా మీది చార్జ్ కారిపోతోందేమో అనుకున్నాడు. అంటే తప్పు యాంటెన్నాది, అది పవర్‌ను నిలుపుకోలేకపోతోంది అని. అసలు కారణం పైన ఆకాశంలో ఉంది. భూమికి పదుల కిలోమీటర్ల ఎత్తున గాలి పొరల్లో ఎండకు విద్యుత్ కణాలు తయారవుతాయి. అందులో కింది పొర పగటిపూట ఈ తరంగాలను మింగేస్తుంది. రాత్రి ఆ పొర పోతుంది, పై పొర అద్దంలా తరంగాన్ని కిందికి తిప్పుతుంది. ఆ పై పొర ఉందని ప్రయోగంతో రుజువైంది 1924లో, యాపిల్టన్ చేతుల మీదుగా. ఈలోగా మార్కోని దగ్గర ఉన్న మందు ఒక్కటే. ఇంకా పవర్. ఇంకా పెద్ద యాంటెన్నా.

ఇంతకీ యాంటెన్నా ఎక్కడ ఓడిపోతుంది?

కథను ఒక్క నిమిషం ఆపుదాం. ఒక తీగకు, ఒక రాడ్‌కు ఇంత పవర్ అని హద్దు ఎందుకు ఉంటుంది?

మొదటిది వేడి. యాంటెన్నాలోకి పంపిన పవర్ అంతా గాల్లోకి పోదు. కొంత తీగలో, కాయిల్‌లో, కేబుల్‌లో వేడిగా మారుతుంది. ఇంట్లో పాత వైర్ మీద గీజర్ వేస్తే ఏమవుతుందో అదే. చాలాసార్లు యాంటెన్నా రాడ్ చెక్కుచెదరదు.. దాని అడుగున ఉన్న చిన్న మ్యాచింగ్ కాయిల్, లేకుంటే కేబుల్ కనెక్టర్ కాలిపోతుంది. బలం మొత్తం దానిలోని బలహీనమైన ముక్కను బట్టే.

రెండోది వోల్టేజీ. యాంటెన్నా చివర్లో వోల్టేజీ విపరీతంగా పెరుగుతుంది. పొడి గాలి సెంటీమీటర్‌కు దాదాపు 30 వేల వోల్టుల వరకు ఆపగలదు. దాటితే నిప్పురవ్వ. సముద్రం ఒడ్డున ఉప్పు పట్టిన పింగాణీ ఇన్సులేటర్ల మీద, వానకు తడిసిన చోట అంతకంటే చాలా ముందే చిటపట మొదలవుతుంది. పోల్దూ లాంటి స్పార్క్ స్టేషన్లకు ఇది ఇంకా పెద్ద తలనొప్పి. అవి పవర్‌ను నిలకడగా ఇవ్వవు. సుత్తితో కొట్టినట్టు దెబ్బ తర్వాత దెబ్బ. సగటు 25 కిలోవాట్లలోపే ఉన్నా, ఒక్కో దెబ్బలో తీగ మీద పడే ఒత్తిడి దానికి ఎన్నో రెట్లు.

ఇదే సంగతి మన ఊరి టవర్‌కూ వర్తిస్తుంది. ఒక యాంటెన్నాకు 40 వాట్ల చొప్పున నాలుగు సిగ్నళ్లు కలిపి ఇచ్చామనుకుందాం. సగటు 160 వాట్లే. కానీ నాలుగు తరంగాల శిఖరాలూ ఒకే క్షణంలో కలిస్తే వోల్టేజీ నాలుగింతలు, పవర్ పదహారింతలు.. అంటే ఆ క్షణంలో 640 వాట్లు. యాంటెన్నా కొనేటప్పుడు సగటుతో పాటు ఈ శిఖరం లెక్క కూడా చూస్తారు.

మూడోది తిరుగుటపా. యాంటెన్నా, కేబుల్ ఒకదానికొకటి సరిపోకపోతే పంపిన పవర్‌లో కొంత వెనక్కి వస్తుంది. టెక్నీషియన్లు మీటర్ పెట్టి చూసే రేషియో 2 ఉంటే 11 శాతం వెనక్కి వచ్చినట్టు. 3 ఉంటే 25 శాతం. కనెక్టర్‌లోకి వాన నీళ్లు దిగితే చాలు, ఈ రేషియో పాడవుతుంది. వెనక్కి వచ్చిన పవర్ కేబుల్‌ను, ట్రాన్స్‌మిటర్‌ను వేడెక్కిస్తుంది. పోలీస్ స్టేషన్ మీద ఉండే పాతిక వాట్ల వైర్‌లెస్ సెట్ అయినా, కిలోవాట్ ఎఫ్‌ఎం స్టేషన్ అయినా రూల్ ఇదే.

పీట్ మట్టి మండించి.. 300 కిలోవాట్లు

మళ్లీ మార్కోని దగ్గరికి వద్దాం. 1902లో కెనడాలో గ్లేస్ బే దగ్గర 75 కిలోవాట్ల స్టేషన్ పెట్టాడు. ఆ డిసెంబర్‌లో అట్లాంటిక్ మీదుగా పూర్తి సందేశాలు వెళ్లాయి. తర్వాత తల్లి సొంత దేశం ఐర్లాండ్‌లో క్లిఫ్డెన్ అనే చిత్తడి నేలలో తన అతిపెద్ద స్టేషన్ కట్టాడు. 300 కిలోవాట్లు. బాయిలర్లలో బొగ్గుకు బదులు అక్కడి పీట్ మట్టిని తవ్వి మండించేవాళ్లు. వేల బ్యాటరీ సెల్స్. ఒక పెద్ద షెడ్డు నిండా వేలాడదీసిన భారీ ఇనుప రేకులు, వాటి మధ్య గాలి.. అదంతా కలిపి ఒక్క కండెన్సర్. గాజు పెట్టి చేసిన కండెన్సర్లు అంత వోల్టేజీకి పగిలిపోయేవి కాబట్టి ఈ ఏర్పాటు. రామగుండం థర్మల్ ప్లాంటును చూసిన వాళ్లకు ఈ సీన్ ఊహించుకోవడం కష్టం కాదు. కరెంటు ఇళ్లకు ఇవ్వడానికి కాదు, చుక్కలూ గీతలూ గాల్లోకి పంపడానికి ఇదంతా.

1907 అక్టోబర్ 17న క్లిఫ్డెన్ - గ్లేస్ బే మధ్య వ్యాపార సర్వీసు మొదలైంది. 1909లో జర్మనీకి చెందిన ఫెర్డినాండ్ బ్రౌన్‌తో కలిపి మార్కోనికి ఫిజిక్స్ నోబెల్ ఇచ్చారు. యూనివర్సిటీ సీటు రాని కుర్రాడికి 35 ఏళ్లకే నోబెల్.

టైటానిక్ రాత్రి

మార్కోని జీవితంలో అందరికీ గుర్తున్న రాత్రి ఆయన లేని చోట జరిగింది. 1912 ఏప్రిల్‌లో టైటానిక్ ఓడలో ఉన్నది మార్కోని కంపెనీ 5 కిలోవాట్ల సెట్. అప్పటి ఓడల్లో అదే పవర్‌ఫుల్. రెండు స్తంభాల మధ్య కట్టిన తీగలే యాంటెన్నా. ఆపరేటర్లు జాక్ ఫిలిప్స్, హెరాల్డ్ బ్రైడ్ ఇద్దరూ కుర్రాళ్లే. జీతం కంపెనీదే, ఓడ యాజమాన్యానిది కాదు.

ప్రమాదానికి రెండు రోజుల ముందు రాత్రి సెట్ పాడైంది. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే హై వోల్టేజీ తీగల ఇన్సులేషన్ కాలిపోయింది. పైన చెప్పుకున్నాం కదా, బలహీనమైన ముక్క. కంపెనీ రూల్ ప్రకారం ఒడ్డుకు చేరేదాకా చిన్న ఎమర్జెన్సీ సెట్‌తో సరిపెట్టుకోవాలి. ఇద్దరూ వినలేదు. గంటల తరబడి కూర్చుని తెల్లారేలోపు రిపేర్ చేశారు. రిపేర్ అయిన మరుసటి రోజు రాత్రే మంచుకొండ తగిలింది.

రిపేర్ చేసి ఉండకపోతే? ఆ రాత్రి సాయానికి వచ్చిన కార్పేథియా దాదాపు 58 మైళ్ల దూరంలో ఉంది. దానిలో ఉన్నది చిన్న సెట్, ఆపరేటర్ హెరాల్డ్ కాటం ఒక్కడే. అతను పడుకోబోతూ ఇంకా హెడ్‌ఫోన్ తీయకపోవడం 700 మందికి పైగా ప్రాణాలు కాపాడింది. దాదాపు 1,500 మంది చనిపోయారు. ఫిలిప్స్ కూడా. ఇంకా దగ్గరలో కాలిఫోర్నియన్ అనే ఓడ ఉంది. దాని ఆపరేటర్ సెట్ ఆపేసి నిద్రపోయాడు. 5 కిలోవాట్ల పవర్ అయినా, అవతల వినేవాడు లేకపోతే సున్నా. ఆ తర్వాతే ఓడల్లో 24 గంటలూ వైర్‌లెస్ డ్యూటీ ఉండాలన్న అంతర్జాతీయ నిబంధన వచ్చింది.

టైటానిక్‌లో ఫ్రీగా ప్రయాణించమని మార్కోనికి ఆఫర్ ఉండేది. ఆయన అంతకుముందే లూసిటేనియాలో వెళ్లిపోయాడు. న్యూయార్క్‌లో కార్పేథియా ఆగినప్పుడు ఓడెక్కి బ్రైడ్‌ను కలిశాడు. అదే ఏడాది సెప్టెంబర్‌లో ఇటలీలో కారు ప్రమాదంలో కుడి కన్ను పోయింది.

అదే ఏడాది ఇంకో గొడవ. బ్రిటిష్ సామ్రాజ్యం మొత్తాన్ని కలుపుతూ వైర్‌లెస్ స్టేషన్లు కట్టే కాంట్రాక్టు మార్కోని కంపెనీకి దక్కింది. ఆ టైంలో ప్రభుత్వంలో ఉన్న కొందరు పెద్దలు అమెరికన్ మార్కోని కంపెనీ షేర్లు కొన్నారన్న విషయం బయటపడి లండన్ అట్టుడికింది. అందులో ఒకరు అటార్నీ జనరల్ రూఫస్ ఐజాక్స్. కంపెనీ మేనేజింగ్ డైరెక్టర్ ఆయన తమ్ముడే. విచారణలో అవినీతి జరగలేదని తేల్చారు. ఆ రూఫస్ ఐజాక్సే తర్వాత లార్డ్ రీడింగ్ పేరుతో 1921లో మన దేశానికి వైస్రాయ్‌గా వచ్చాడు. ఈ కథలు ఎక్కడెక్కడికి తిరుగుతాయో చూడండి.

పనికిరాని తరంగాలే పనికొచ్చాయి

మొదటి ప్రపంచ యుద్ధం టైంలో మార్కోని ఇటలీ తరఫున పనిచేస్తూ 1916లో చాలా చిన్న తరంగాలతో ప్రయోగాలు మొదలుపెట్టాడు. వెంట ఉన్నది చార్లెస్ ఫ్రాంక్లిన్ అనే ఇంజినీర్. యుద్ధం అయ్యాక ఒక ఆవిరి ఓడ కొని ఎలెట్రా అని పేరు పెట్టి దాన్నే తేలే ల్యాబ్‌గా మార్చుకున్నాడు.

అప్పట్లో 200 మీటర్ల కంటే చిన్న తరంగాలు దూరానికి పనికిరావన్నది అందరి నమ్మకం. పనికిరానివి కదా అని వాటిని సరదాగా రేడియో ఆడుకునే అమెచ్యూర్లకు, అంటే హామ్‌లకు వదిలేశారు. వాళ్లు కిలోవాట్‌తోనో, అంతకంటే తక్కువతోనో ఆ తరంగాల మీదే అట్లాంటిక్ దాటించేశారు.

1923లో మార్కోని పోల్దూలోనే, అదే కూలిన టవర్ల చోటే, 97 మీటర్ల తరంగంతో ట్రాన్స్‌మిటర్ పెట్టించాడు. యాంటెన్నా వెనక అద్దంలా పనిచేసే తీగల వరుస. టార్చిలైట్ బల్బు వెనక రిఫ్లెక్టర్ ఉంటుంది కదా, అలాగ. బల్బు అదే, వెలుగు మాత్రం ఒకవైపే. ఎలెట్రాలో ఆఫ్రికా పడమటి తీరంలోని కేప్ వెర్డే దీవుల దాకా వెళ్లి విన్నాడు. 12 కిలోవాట్ల దగ్గర మొదలుపెట్టి తగ్గించుకుంటూ వచ్చారు. ఒక్క కిలోవాట్‌కు తగ్గించినా, వేల్స్‌లో కార్నార్వన్ దగ్గరున్న కంపెనీ భారీ లాంగ్‌వేవ్ స్టేషన్ కంటే గట్టిగా వినిపించింది.

పవర్ వందల రెట్లు తక్కువ. సిగ్నల్ ఎక్కువ. ఆ రాత్రి ఆ కేబిన్‌లో ఆయనకు ఏమనిపించి ఉంటుందో ఊహించండి. 20 ఏళ్లు కట్టిన టవర్లు, క్లిఫ్డెన్ బాయిలర్లు, పీట్ మట్టి.. అన్నీ. క్లిఫ్డెన్ స్టేషన్ అప్పటికే 1922లో ఐర్లాండ్ అంతర్యుద్ధంలో ధ్వంసమై మూతపడింది కూడా.

ఆయన వెనక్కి తగ్గలేదు. సామ్రాజ్యం కోసం భారీ లాంగ్‌వేవ్ స్టేషన్లు కట్టాలన్న ప్లాన్ వదిలేద్దామని, బీమ్ స్టేషన్లు కడతామని బ్రిటిష్ ప్రభుత్వాన్ని ఒప్పించాడు. 1924 జులైలో కాంట్రాక్టు కుదిరింది. యాంటెన్నాలు ఫ్రాంక్లిన్ గీసినవి. ట్రాన్స్‌మిటర్ నుంచి యాంటెన్నా దాకా పవర్ తీసుకెళ్లడానికి ఒకదాంట్లో ఒకటి పెట్టిన రాగి గొట్టాలు వాడాడు. ఇవాళ ప్రతి టవర్ మీదికి పాకే నల్లటి కోయాక్సియల్ కేబుల్‌కు అవి తాతల్లాంటివి.

1926 అక్టోబర్‌లో కెనడాకు, 1927 ఏప్రిల్‌లో ఆస్ట్రేలియాకు, జులైలో దక్షిణాఫ్రికాకు లైన్లు మొదలయ్యాయి. సెప్టెంబర్‌లో ఇండియా వంతు. ఇక్కడ ట్రాన్స్‌మిటర్ పుణె పక్కన కిర్కీలో, రిసీవర్ ధోండ్‌లో. ధోండ్ అంటే ఇప్పటి దౌండ్ జంక్షనే. హైదరాబాద్ నుంచి ముంబై రైలెక్కిన సిరిసిల్ల, జగిత్యాల వాళ్లు ఎంతమంది ఆ స్టేషన్‌లో చాయ్ తాగి ఉంటారో. భివండీకి, గల్ఫ్‌కు పోయే దారిలో. వాళ్లకు ఇప్పుడు దుబాయ్ నుంచి ఇంటికి వీడియో కాల్ చేయడం నిమిషం పని. 1927లో లండన్‌తో తీగ లేకుండా మాట కలిపింది ఆ చుట్టుపక్కల పొలాల్లోని తీగల వరుసలే.

బ్రాడ్‌కాస్టింగ్ కూడా మన దగ్గర చిన్న పవర్‌తోనే మొదలైంది. 1924 జులైలో మద్రాస్ ప్రెసిడెన్సీ రేడియో క్లబ్ ప్రసారాలు మొదలుపెట్టింది 40 వాట్ల ట్రాన్స్‌మిటర్‌తో. ఇప్పటి మొబైల్ టవర్‌లో ఒక్క రేడియో అంత. 1927లో బొంబాయి, కలకత్తాల్లో పెట్టినవి 1.5 కిలోవాట్లు. అప్పటికి నిజాం రాజ్యంలో ఉన్న కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాలకు సొంత రాజ్యం రేడియో అంటే 1935లో వచ్చిన దక్కన్ రేడియోనే. ఇప్పుడు ఆదిలాబాద్ ఆకాశవాణి గోండి భాషలో కూడా కార్యక్రమాలు ఇస్తోంది. ఎఫ్‌ఎం తరంగం కాబట్టి అది గుట్ట వెనక్కి వంగదు. అక్కడ యాంటెన్నా ఎత్తే దిక్కు.. 1895లో కర్ర మీది రేకు డబ్బాలాగే.

టవర్ పవర్ పెంచమనే వాళ్లకు ఇక్కడే జవాబు ఉంది. అడ్డు లేని చోట కూడా దూరం రెట్టింపు కావాలంటే పవర్ నాలుగింతలు కావాలి. అడవిలో, గుట్టల్లో ఇంకా ఎక్కువ. పోనీ పెంచామే అనుకుందాం. టవర్ గొంతు ఫోన్‌కు వినిపిస్తుంది. ఫోన్ గొంతు టవర్‌కు వినిపించాలి కదా. మన చేతిలోని 4జీ ఫోన్ ఇచ్చేది మహా అంటే 0.2 వాట్. అందుకే గుట్ట అవతల ఇంకో టవర్ కావాలి, ఉన్న టవర్‌కు ఇంకో వంద వాట్లు కాదు. ఇక టౌన్‌లో భయపడే వాళ్ల సంగతి.. టవర్ల రేడియేషన్ పరిమితిని మన దేశం 2012 సెప్టెంబర్ 1 నుంచి అంతర్జాతీయ పరిమితిలో పదో వంతుకు తగ్గించింది. సిగ్నల్ సరిగా అందని ఫోన్ ఫుల్ పవర్‌తో పనిచేస్తుంది, అదీ చెవి పక్కనే. టవర్ దూరం పోతే ఫోన్ గట్టిగా అరవాల్సి వస్తుందన్న లెక్క ధర్నాల్లో వినిపించదు.

చివరి పేజీలు.. అన్నీ మంచివి కావు

మార్కోని 1923లో ముస్సోలినీ ఫాసిస్టు పార్టీలో చేరాడు. 1930లో ఇటలీ రాయల్ అకాడమీకి అధ్యక్షుడయ్యాడు. 1935లో ఇథియోపియా మీద ఇటలీ దండయాత్రను సమర్థించాడు. అకాడమీ సభ్యత్వానికి వచ్చిన పేర్లలో యూదులకు పక్కన గుర్తు పెట్టి, వాళ్లను రానివ్వలేదని తర్వాత బయటపడిన పత్రాలు చెబుతున్నాయి. నోబెల్, టైటానిక్ చెప్పి ఇది చెప్పకపోతే కథ సగమే.

సొంత జీవితంలో కూడా ఒడిదుడుకులే. 1905లో ఐర్లాండ్‌కు చెందిన బియాట్రిస్ ఓబ్రయన్‌ను పెళ్లాడాడు. 1924లో విడాకులు. 1927లో మరియా క్రిస్టినాతో రెండో పెళ్లి. 1930లో పుట్టిన కూతురికి ఓడ పేరే పెట్టాడు, ఎలెట్రా అని. అదే ఏడాది మార్చిలో జెనోవా దగ్గర ఆ ఓడలో కూర్చుని మీట నొక్కి ఆస్ట్రేలియాలోని సిడ్నీలో లైట్లు వెలిగించాడు. 1931 ఫిబ్రవరిలో వాటికన్ రేడియో మొదలైంది ఆయన చేతుల మీదుగానే. తర్వాత ఇంకా చిన్న తరంగాల మీద పడ్డాడు. వాటికన్ నుంచి పోప్ వేసవి విడిదికి అర మీటర్ సైజు తరంగాలతో లింక్ కట్టాడు. ఇవాళ మొబైల్ ఫోన్లు వాడే తరంగాలు ఆ సైజుకు దగ్గరివే.

గుండె జబ్బుతో 1937 జులై 20న రోమ్‌లో చనిపోయాడు. వయసు 63. ఆరేళ్ల తర్వాత 1943లో అమెరికా సుప్రీంకోర్టు ఆయన పేటెంట్లలో ముఖ్యమైన ఒకదానిలోని చాలా క్లెయిములను కొట్టేసింది. టెస్లా, లాడ్జ్, స్టోన్ అంతకుముందే ఆ పని చేశారని చెప్పింది. ఎలెట్రా ఓడ రెండో ప్రపంచ యుద్ధంలో దెబ్బతింది. దాని ముక్కలు ఇప్పుడు ఇటలీలో అక్కడక్కడా ప్రదర్శనలో ఉన్నాయి.

అంత్యక్రియల రోజు, జులై 21న, బ్రిటన్‌తో సహా చాలా దేశాల్లో రేడియో స్టేషన్లు రెండు నిమిషాలు ట్రాన్స్‌మిటర్లు ఆపేశాయి. ఆ తర్వాత ఆపరేటర్లు మళ్లీ స్విచ్ వేశారు. అప్పటికే లైన్‌లో టెలిగ్రాములు పేరుకుపోయి ఉన్నాయి.